బరువైన క్లచ్‌ను తేలిక చేయడం ఎలా?

మన వేమూరు హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, కవిత రాయడం నాకు చేతకాదు సార్ అన్నాను. "నీకు వచ్చిందే రాయి, పిల్లలకు పనికొస్తే చాలు" అన్నారు. నేను ఇక్కడ 6వ తరగతి నుంచి 10వ తరగతి దాకా ఉన్నాను. తర్వాత పాలిటెక్నిక్, బి.టెక్. చదివి, ఇప్పుడు ఎం.టెక్. మెకానికల్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న ట్రాక్టర్ డ్రైవరు. నాకు వచ్చింది యంత్రాల సంగతి కాబట్టి ఒక యంత్రం సంగతే రాస్తున్నాను.

బి.టెక్. చివరి సంవత్సరంలో మా బృందం ప్రాజెక్టుగా ఒక చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును సొంతంగా కట్టింది. కారైతే కదిలింది గానీ క్లచ్ తొక్కాలంటే ప్రాణం పోయేది. ఆ బరువు ఎలా తగ్గించామన్నదే ఈ వ్యాసం. ఇది కార్లున్నవాళ్ల గోల కదా అనుకోకండి. చివరికి ఇది మన ఊరి పొలంలోకే వస్తుంది.

చేతితో కట్టిన కార్లు

కారు అంటే పెద్ద ఫ్యాక్టరీలోనే పుడుతుందని మనం అనుకుంటాం. కానీ ఇంగ్లండులో లోటస్ కంపెనీ 1957లోనే ‘సెవెన్’ అనే చిన్న స్పోర్ట్స్ కారును విడి భాగాలుగా అమ్మింది. కొన్నవాళ్లు ఇంటి దగ్గరే బిగించుకునేవారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ గారు పుస్తకం, క్రికెట్ బ్యాట్ లాంటి ఆకారాల్లో నడిచే బండ్లు చేశారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ కట్టి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. అంత దూరం ఎందుకు, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూడండి. లారీ ఛాసిస్ మీద క్యాబిన్, బాడీ మొత్తం చేతిపనితోనే లేస్తాయి. మన తెనాలిలో పాత బండ్ల ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. కాబట్టి చేతితో కట్టడం మనకు కొత్త కాదు.

మా కారుకు తుక్కు దుకాణంలో దొరికిన 796 సీసీ చిన్న కారు ఇంజను, దాని గేర్‌బాక్సు వాడాం. ఆ ఇంజను అసలు కారులో ముందు ఉంటుంది. స్పోర్ట్స్ కారు అనిపించుకోవాలని మేము దాన్ని సీట్ల వెనక పెట్టాం. మా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మా బృందంలో నాతోపాటు మరో సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చిన స్నేహితురాలు ఉంది. స్టీరింగ్ లెక్కలు, వెల్డింగు కొలతలు అన్నీ ఆమెవే. కారు తోలడం అందరికంటే బాగా వచ్చింది కూడా ఆమెకే. ఆమె బరువు 46 కిలోలు. మా క్లచ్ తొక్కడానికి 22 కిలోల బలం కావాలి. అంటే తన బరువులో దాదాపు సగం బలం ఒక్క ఎడమ కాలితో పెట్టాలి. పది నిమిషాలకు కాలు వణికేది. "డ్రైవర్ని మార్చేద్దాం, బలంగా ఉన్నవాణ్ణి కూర్చోబెడదాం" అన్నారు కొందరు. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెడల్ కట్టింది మనం, తప్పుంటే మన పెడల్‌లో ఉండాలి, మనిషిలో ఎందుకుంటుంది? మర్నాడు పొద్దున్నే ఆ మాటే అన్నాను. మా గైడ్ సారు "అయితే వారం రోజుల్లో తేలిక చేసి చూపించండి" అన్నారు.

క్లచ్ లోపల ఏముంది?

ముందు క్లచ్ చేసే పని చూద్దాం. ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఒకసారి ఆగాలి, ఒకసారి తిరగాలి. ఈ రెంటినీ కలపడానికి, విడదీయడానికి మధ్యలో ఉండేదే క్లచ్. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దాని పక్కన గేర్‌బాక్సుకు సంబంధించిన క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటును ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమిపెట్టేది ప్రెషర్ ప్లేటు. అదమడానికి దాని వెనక గొడుగులా కాస్త పైకి లేచిన ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. దాన్ని డయాఫ్రమ్ స్ప్రింగు అంటారు. మనం పెడల్ తొక్కితే క్లచ్ వైరు ఒక ఫోర్కును లాగుతుంది. ఆ ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు తోస్తుంది. బేరింగు స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. అప్పుడు ప్లేటు మీద ఒత్తిడి పోయి ఇంజను, చక్రాలు విడిపోతాయి.

అంటే మన కాలు నిజానికి ఆ ఉక్కు స్ప్రింగుతో పోరాడుతోంది. స్ప్రింగు మెత్తగా ఉంటే పెడల్ తేలికవుతుంది గానీ ప్లేటు జారిపోతుంది, ఇంజను బలం చక్రాలకు చేరదు. అందుకే శక్తివంతమైన కార్ల క్లచ్‌లు బరువుగా ఉంటాయి. ఇటలీలో 1974 నుంచి 1990 వరకు తయారైన లాంబొర్గిని కౌంటాచ్ అందానికి ఎంత పేరుపొందిందో, బరువైన క్లచ్‌కూ అంతే పేరుపొందింది.

లాంబొర్గిని పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఫెరుచ్చో లాంబొర్గిని 1916లో రైతు కుటుంబంలో పుట్టాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు. తాను కొన్న ఫెరారీ కారు క్లచ్ మాటిమాటికీ పాడవుతుంటే విప్పించి చూశాడనీ, అది తన ట్రాక్టర్లలో వాడే క్లచ్ లాంటిదేనని గమనించాడనీ, ఆ పట్టుదలతోనే 1963లో కార్ల కంపెనీ పెట్టాడనీ చెబుతారు. ట్రాక్టరు క్లచ్ తెలిసినవాడికి స్పోర్ట్స్ కారు క్లచ్ కొత్తేమీ కాదన్నమాట. మా నాన్నకు ఈ కథ చెబితే చాలాసేపు నవ్వాడు.

ముందు కొలవాలి

మేము చేసిన మొదటి మంచిపని ఏమీ విప్పకపోవడం. ధాన్యం బస్తాలు తూచే స్ప్రింగు కాటా ఒకటి అడిగి తెచ్చాం. పెడల్ చివర తగిలించి లాగితే 22 కిలోలు చూపించింది. తర్వాత వైరు తీసేసి, గేర్‌బాక్సు దగ్గరున్న ఫోర్కు చేతిని నేరుగా కాటాతో లాగాం. అక్కడ 36 కిలోలు కావాల్సి వచ్చింది. ఆ చేయి 3 సెంటీమీటర్లు కదిలితే క్లచ్ పూర్తిగా విడిపోతోంది.

ఇప్పుడు లెక్క చూడండి. మన హాస్టల్ బోరింగు కొట్టని వాళ్లెవరూ ఉండరు. దాని చేయి పొడుగ్గా ఎందుకుంటుంది? చివర పట్టుకుని కొడితే తేలిక, ఇరుసు దగ్గర పట్టుకుని కొడితే కష్టం. పెడల్ కూడా అదే లీవరు. మా పెడల్ ఇరుసు నుంచి కాలు పెట్టే చోటికి 24 సెంటీమీటర్లు. ఇరుసు నుంచి వైరు తగిలించిన కొక్కేనికి 8 సెంటీమీటర్లు. 24ను 8తో భాగిస్తే 3. కాబట్టి 36 కిలోల లాగుడుకు కాలి దగ్గర 12 కిలోలు చాలాలి. కానీ కాటా 22 చూపిస్తోంది. మిగతా 10 కిలోలు ఏమైపోయాయి?

ఈ ప్రశ్న దగ్గరే మా పని సగం అయిపోయింది. కొలవకపోతే మేము స్ప్రింగునే తిట్టుకుంటూ ఉండేవాళ్లం.

గేదె తాడు నేర్పిన పాఠం

బెదిరిన గేదె పరిగెత్తబోతే ఒక్క మనిషి చేత్తో ఆపలేడు. అదే తాడును గుంజకు రెండు చుట్లు వేస్తే చిన్నపిల్లవాడు కూడా ఆపగలడు. తాడు గుంజను ఒరుసుకునే రాపిడే గేదె బలాన్ని మింగేస్తుంది. ఎన్ని చుట్లు వేస్తే అంత పట్టు.

మా క్లచ్ వైరు ముందున్న పెడల్ నుంచి వెనకున్న ఇంజనుకు పోవాలి. పెట్రోలు ట్యాంకును తప్పించి, సీటు కింద నుంచి తిప్పి, మూడు చోట్ల లంబకోణంలో వంచాం. ప్రతి వంపులోనూ వైరు తన గొట్టాన్ని ఒరుసుకుంటుంది. గుంజకు చుట్టిన తాడులాంటిదే ఇది కూడా. తేడా ఏమిటంటే, అక్కడ రాపిడి మనకు సాయం, ఇక్కడ మన కాలికి శత్రువు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఈ నష్టం కూడికగా పెరగదు, గుణకారంగా పెరుగుతుంది. మా వైరులో ఒక్కో లంబకోణపు వంపు దగ్గర బలం సుమారు 1.22 రెట్లు కావాల్సి వచ్చింది. 12 కిలోలు మొదటి వంపుతో 14.6, రెండో వంపుతో 17.9, మూడో వంపుతో 21.8 అయ్యాయి. కాటా చూపించిన 22 ఇదే!

వైరు దారి మార్చాం. ట్యాంకును కాస్త పక్కకు జరిపి, వైరును కారు మధ్యగా దాదాపు తిన్నగా తీసుకుపోయాం. మూడు లంబకోణాలు పోయి మొత్తం వంపు ఒక లంబకోణం కంటే కొంచెం ఎక్కువగా మిగిలింది. పాత వైరు లోపలి గొట్టం కోసుకుపోయి ఉంది, అదీ మార్చాం. కొత్త వైర్లకు లోపల నున్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి గ్రీజు దట్టించకూడదు. దట్టిస్తే దుమ్ము పట్టి బంకవుతుంది. మళ్లీ తూచాం. 22 కిలోలు 15 అయ్యాయి.

ఉచితంగా ఏదీ రాదు

తర్వాత పెడల్ సంగతి. కొక్కేన్ని 8 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్లకు జరిపాం. ఒక్క కొత్త రంధ్రం వేయడమే పని. 24ను 6తో భాగిస్తే 4. ఇప్పుడు 36 కిలోలకు లెక్క ప్రకారం 9 కిలోలు, మిగిలిన రాపిడితో కలిపి కాటా మీద 11 పైచిలుకు.

అయితే దీనికి మూల్యం ఉంది. ఫోర్కు చేయి 3 సెంటీమీటర్లు కదలాలంటే ఇంతకుముందు పెడల్ 9 సెంటీమీటర్లు తొక్కితే చాలు. ఇప్పుడు 12 సెంటీమీటర్లు తొక్కాలి. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. బోరింగు చేయి పొడవైతే ఎక్కువ దూరం ఊపాల్సిందే కదా. లీవరు పనిని తగ్గించదు, పంచుతుంది. నిజమైన ఆదా ఎక్కడైనా ఉందంటే అది రాపిడిని తగ్గించడంలోనే ఉంది. అందుకే ముందు రాపిడి సంగతి, తర్వాతే లీవరు సంగతి చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

రంధ్రం మార్చాక కొత్త తంటా వచ్చింది. రివర్సు గేరు వేస్తే గరగరమని శబ్దం. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ఒకరు పెడల్ తొక్కుతుంటే నేను నేల మీద పడుకుని చూశాను. వైరు గొట్టాన్ని పట్టుకునే రేకు బ్రాకెట్ 4 మిల్లీమీటర్లు వంగుతోంది. నాలుగు రెట్ల పెడల్ కదా, ఆ 4 మిల్లీమీటర్లు పెడల్ దగ్గర 16 మిల్లీమీటర్లు. కాలు తొక్కిన దూరం ఊరికే పోతోంది. రేకు తీసేసి యాంగ్లర్ ముక్క వెల్డింగు చేయించాం. శబ్దం పోయింది. చేతితో కట్టిన బండ్లలో ఈ తప్పు చాలా మామూలు. పెడల్ ఇరుసు, దాన్ని పట్టుకునే చోటు, వైరు బ్రాకెట్ ఇవన్నీ కదలకుండా ఉండాలి.

అరిగిన ప్లేటు కూడా బరువే

ఇంకొకటి మాకు ఆశ్చర్యం కలిగించింది. ప్లేటు అరిగితే స్ప్రింగు వదులై పెడల్ తేలిక కావాలి కదా అనుకున్నాం. పాతకాలపు చుట్టల స్ప్రింగు క్లచ్‌లలో అలాగే జరుగుతుంది. డయాఫ్రమ్ స్ప్రింగు అలా కాదు. ప్లేటు పలుచబడే కొద్దీ ఆ గొడుగు తన అసలు ఆకారం వైపు లేస్తుంది. అక్కడ దాన్ని నొక్కడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. అందుకే కొన్న కొత్తలో తేలికగా ఉన్న క్లచ్ నాలుగేళ్లకు బరువెక్కుతుంది. డ్రైవర్లు తమకే వయసు మీదపడింది అనుకుంటారు.

మా తుక్కు ఇంజను విప్పితే ప్లేటు చివరికి వచ్చింది. ఫోర్కు ఇరుసు గ్రీజు లేక ఎండిపోయి ఉంది. కొత్త ప్లేటు వేసి, ఇరుసుకు గ్రీజు పెట్టాక ఫోర్కు దగ్గర 36 కిలోలు 30 అయ్యాయి. పెడల్ దగ్గర తొమ్మిదిన్నర. రోజూ తిరిగే చిన్న కార్లలో కూడా 10 కిలోల అటూ ఇటూ ఉంటుంది. గైడ్ సారు వచ్చి స్వయంగా తొక్కి చూశారు. మా స్నేహితురాలు ఆ రోజు సాయంత్రం కాలేజీ గ్రౌండ్ చుట్టూ గంటసేపు కారు తోలింది. దిగి "కాలు ఇంకా నాదే" అంది. అంతే అంది.

నూనెతో నడిచే క్లచ్ ఉంటే?

చాలా కార్లలో వైరు బదులు నూనె ఉంటుంది. పెడల్ దగ్గర ఒక మాస్టర్ సిలిండరు, గేర్‌బాక్సు దగ్గర ఇంకొకటి, మధ్యలో గొట్టం. 10వ తరగతిలోపు మనం చదివిన పాస్కల్ సూత్రమే. గొట్టం ఎన్ని వంపులు తిరిగినా నూనెకు వైరులాంటి రాపిడి ఉండదు. ఇంజను వెనకున్న కార్లకు ఇదే మేలు. ఇక్కడ చేసే పెద్ద తప్పు, బరువుగా ఉంది కదా అని పెద్ద మాస్టర్ సిలిండరు వేయడం. దానివల్ల పెడల్ ఇంకా బరువెక్కుతుంది. 19 మిల్లీమీటర్ల సిలిండరు తీసి 16 మిల్లీమీటర్లది వేస్తే కావాల్సిన బలం సుమారు 29 శాతం తగ్గుతుంది, తొక్కే దూరం 41 శాతం పెరుగుతుంది. మళ్లీ అదే న్యాయం.

పెద్ద లారీల్లో గాలి ఒత్తిడి డ్రైవరు కాలికి సాయపడుతుంది. మనదేశంలో 2014లో మారుతి సెలెరియోతో క్లచ్ పెడలే లేని ఆటో గేర్ చిన్న కార్లు వచ్చాయి. అందులోనూ క్లచ్ ఉంటుంది, తొక్కేది మాత్రం యంత్రం.

మా నాన్న మోకాలు

ఆ సెలవుల్లో ఇంటికి వచ్చాను. దమ్ము సీజను. కాలవలకు నీళ్లు వదిలారు. మా నాన్న ఇరవై రెండేళ్లుగా వేరేవాళ్ల ట్రాక్టరే తోలుతున్నాడు. దమ్ములో గట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ క్లచ్ తొక్కాలి, తిప్పాలి, మళ్లీ తొక్కాలి. రాత్రి ఇంటికి వచ్చి ఎడమ మోకాలికి వేడినీళ్ల గుడ్డ పెట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అది వయసు వల్ల వచ్చిన నొప్పి అని మా అమ్మ, నేను, ఆయన కూడా అనుకున్నాం.

కారు సంగతి చెప్పి కాటా చూపించాను. "నా బండిది కూడా తూచరా అయితే" అన్నాడు. పొద్దున్నే వెళ్లి తూచాను. 27 కిలోలు! మా స్పోర్ట్స్ కారు మొదట్లో ఉన్నదానికంటే ఎక్కువ. ట్రాక్టరుకు బరువైన క్లచ్ సహజమే. కానీ కింద దూరి చూస్తే పెడల్ ఇరుసు చుట్టూ ఏళ్ల తరబడి దమ్ము బురద ఎండి గట్టిపడి ఉంది. గ్రీజు పోసే నిపుల్ మూసుకుపోయింది. పెడల్ విప్పి, కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి బిగించాం. కంపెనీ పుస్తకంలో చెప్పినంత ప్లే పెట్టాం. 27 కిలోలు 19 అయ్యాయి. ఖర్చు గ్రీజు డబ్బా ఒక్కటే.

ఆ బండికి రెండంచెల క్లచ్ ఉంది. సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే వెనక రోటావేటరును తిప్పే ఇరుసు కూడా ఆగుతుంది. గేరు మార్చడానికి సగం చాలు. ఆయన ఇన్నాళ్లూ ప్రతిసారీ అడుగుదాకా తొక్కుతున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవర్నీ అడగలేదు.

మోకాలు బాగైపోయిందని నేను రాయలేను. అరిగింది అరిగిందే. కానీ ఇప్పుడు వేడినీళ్ల గుడ్డ రోజూ అడగడం లేదని అమ్మ చెప్పింది. వారానికోసారి గ్రీజు తానే పెట్టుకుంటున్నాడు. "ఇరవై ఏళ్ల కిందట నువ్వు పుట్టి ఉంటే బావుండేదిరా" అన్నాడు ఒకరోజు. అప్పటికే నేను పుట్టానని గుర్తుచేశాను. "పుట్టావులే, చదువుకుని ఉండాల్సింది" అన్నాడు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మీ ఇళ్లలో కూడా ట్రాక్టరో, ఆటోనో, లారీనో తోలే నాన్న, మామయ్య, అన్నయ్య ఉంటారు. సెలవులకు వెళ్లినప్పుడు ఈ నాలుగు చూడండి. క్లచ్ వైరు ఎక్కడెక్కడ వంగుతోంది? పెడల్ ఇరుసుకు గ్రీజు అందుతోందా? ప్లే ఉందా, లేక పెడల్ ఎప్పుడూ బిగుసుకునే ఉందా? తొక్కినప్పుడు పక్కనున్న రేకు, బ్రాకెట్ వంగుతున్నాయా? ఇంజను ఆపి, చక్రాలకు అడ్డం పెట్టిన తర్వాతే కిందికి దూరండి. విప్పే పని మేస్త్రీ దగ్గర నేర్చుకుని చేయండి. క్లచ్ మీద ఊరికే కాలు ఆనించి తోలవద్దని వాళ్లకు చెప్పండి. బేరింగు, ప్లేటు రెండూ తొందరగా అరుగుతాయి.

లీవరు, రాపిడి, పాస్కల్ సూత్రం నేను ఈ హాస్టల్ వరండాలో కూర్చుని పరీక్ష కోసం బట్టీపట్టాను. అవి మా నాన్న కాలి కింద ఉన్నాయని తెలుసుకోవడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదు. "బండి అంటే ఇంతేలే" అని ఎవరైనా అంటే, ముందు ఒక కాటా తెచ్చి తూచండి.

ఆ స్ప్రింగు కాటా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, పని అయ్యాక తిరిగి ఇవ్వండి.